డబ్బు కట్టడం ఆపేస్తే అలారం కంపెనీ పరుగెత్తుకొస్తుందా?

ఆ మెసేజ్ నాకు రాని గ్రూపు లేదు. ఎర్ర సైరన్ బొమ్మలతో, "బర్గ్లర్ అలారం కంపెనీల బండారం" అని మొదలవుతుంది. పంపుతున్నవాళ్లు తెలివితక్కువవాళ్లా అంటే కాదు, ఇద్దరు లాయర్లు కూడా పంపారు! సారాంశం ఇదీ. ఒకటి: అలారం బిగించేవాళ్లు దొంగలకు కోడ్లు అమ్ముకుంటారు. రెండు: ఏ వైర్‌లెస్ అలారమైనా జామర్ (రేడియో సిగ్నల్‌ను అడ్డుకునే పరికరం) ముందు దండగే. మూడు: ఊరికే మోగుతోందంటే నాసిరకం సామాను అంటగట్టారని అర్థం, ఆ సెన్సర్ ఆపేసుకోండి. నాలుగు: అసలు అలారం బదులు గోడకు ఉత్త డమ్మీ పెట్టె తగిలించినా ఫలితం అంతే. ఐదు: ఈ రంగాన్ని అడిగే నాథుడు ఎక్కడా లేడు, ఫిర్యాదులు దండగ, నెలనెలా కట్టే డబ్బు ఆపేయండి, వాళ్లే పరుగెత్తుకొస్తారు. ఆరు: సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు ఆ కంపెనీల డబ్బుతోనే బతుకుతాయి.

నాలుగోదానికి ఎక్కువ సమయం ఇవ్వను. డమ్మీ పెట్టెకు బెదరని దొంగ లోపలికి వచ్చాక, ఏదీ మోగని ఇంట్లో తీరిగ్గా పని చూసుకుంటాడు. అంతే.

జామర్ సంగతి సగం నిజం. రేడియో మీద నడిచే దేన్నైనా అడ్డుకోవచ్చు. అది తెలిసే యూరప్ ప్రమాణం ఈఎన్ 50131లో, అలాంటి అడ్డంకిని వ్యవస్థే కనిపెట్టి చెప్పాలన్న నిబంధనలు పెట్టారు. అన్ని వైర్‌లెస్ అలారాలూ ఒకటి కావు. 2016లో అమెరికాలో సింప్లీసేఫ్ అనే అలారం కీప్యాడ్ పంపే సిగ్నల్‌ను రికార్డు చేసి మళ్లీ వదిలితే అలారం ఆగిపోతుందని ఐఓయాక్టివ్ అనే సంస్థ బయటపెట్టింది. అక్కడ జామర్ ఊసే లేదు. లోపం ఎన్‌క్రిప్షన్ (సిగ్నల్‌ను రహస్య సంకేతంగా మార్చి పంపడం) లేకపోవడంలో ఉంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అది, మెసేజ్‌లో లేనిదీ అదే.

కోడ్లు అమ్ముకుంటారన్నదానికి మెసేజ్‌లో ఒక్క కేసు కూడా చూపించలేదు. ఈఎన్ 50131 పాటించే ప్యానెల్‌లో, అంటే అలారాన్ని నడిపే ప్రధాన పెట్టెలో, యూజర్ కోడ్ వేరు, బిగించేవాళ్లు వాడే ఇంజనీర్ కోడ్ వేరు. యూజర్ ఒప్పుకుంటేనే ఇంజనీర్ మెనూ తెరుచుకోవాలి. బిగించి వెళ్లిపోయాక కూడా మీరు ఫ్యాక్టరీ కోడ్‌తోనే కాలం గడుపుతుంటే దాన్ని ఎవరూ ఎవరికీ అమ్మక్కర్లేదు, మాన్యువల్‌లోనే అచ్చేసి ఉంటుంది. నిజంగా భయపడాల్సిన సంగతి వేరే ఉంది, అది రాసినవాడికి తట్టలేదు. డల్లస్ ప్రాంతంలో ఇళ్లకు భద్రతా పరికరాలు బిగించే ఒక టెక్నీషియన్ కస్టమర్ల ఖాతాల్లో తన ఈమెయిల్ కలుపుకుని, సుమారు 200 ఖాతాల కెమెరాల్లోకి 9,600 సార్లకు పైగా తొంగిచూశాడు. 2021లో 52 నెలల జైలు శిక్ష పడింది. దొంగలతో లాలూచీ ఏమీ లేదు, యాప్‌లో ఉండకూడని ఒక పేరు, అంతే. బిగించినవాడు గుమ్మం దాటకముందే యాప్‌లో యూజర్ల జాబితా తెరిచి చూడటానికి ఒక్క నిమిషం పడుతుంది. దాన్ని ఫార్వర్డ్ చేయరేం?

ఇక ఊరికే మోగడం. అమెరికాలో పోలీసులకు చేరే దొంగతనం అలారాల్లో 90 శాతానికి పైగా ఉత్తవే. వీటిలో చాలావాటికి కారణం వాడేవాళ్ల పొరపాట్లే: అలారం ఆన్ చేసి మళ్లీ లోపలికి రావడం, కోడ్ తప్పు నొక్కడం, కిటికీ సరిగా వేయకపోవడం. మనిషి కదలికను పట్టే సెన్సర్లలో ఎక్కువ భాగం చూసేది వేడిలో మార్పును. దాని ఎదురుగా హీటర్ ఉన్నా, లెన్సు మీద సాలెపురుగు పాకినా మోగుతుంది. సెన్సర్‌ను తప్పు చోట బిగించింది కంపెనీయే అయితే వచ్చి మార్చాల్సిందీ వాళ్లే, ఆ ఫిర్యాదు న్యాయమైనది. "ఆపేసుకోండి" అనే సలహా మాత్రం, కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేయమనడం.

ఐదో పాయింటు దగ్గర నాకు ఓపిక పోయింది. నష్టం చేసేది ఇదే.

మొదట "అడిగే నాథుడు లేడు" సంగతి. కాలిఫోర్నియాలో అలారం కంపెనీ పెట్టాలంటే రాష్ట్ర బ్యూరో నుంచి లైసెన్సు కావాలి. 2021లో వివింట్ అనే అలారం కంపెనీ, తన సేల్స్‌మెన్ ఎవరెవరివో క్రెడిట్ రిపోర్టులు వాడుకున్నారన్న ఆరోపణపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి 2 కోట్ల డాలర్లు కట్టింది. బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ గార్డులకు లైసెన్సు ఉంది కానీ అలారం బిగించడానికి అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అయితే మానిటరింగ్ అలారానికి, అంటే మోగగానే ఒక కేంద్రానికి కబురు వెళ్లేదానికి, పోలీసులు రావాలంటే మాత్రం బిగించిన కంపెనీకి ఎన్‌ఎస్‌ఐ లేదా ఎస్‌ఎస్‌ఏఐబీ అనే తనిఖీ సంస్థ ఆమోదం ఉండాలి. పైగా 12 నెలల్లో మూడు ఉత్త అలారాలు వెళ్తే ఆ సౌకర్యం పోతుంది. ఇది ఇరుకైన అజమాయిషీ, అక్కడక్కడా చిల్లులున్న అజమాయిషీ. లేకపోవడం మాత్రం కాదు.

ఇప్పుడు ఆ మహత్తర వ్యూహం చూద్దాం. డబ్బు ఆపేశారు. కంపెనీ పరుగెత్తుకు రాదు, మానిటరింగ్ కేంద్రం మీ లైను తీసేస్తుంది. సైరన్ మోగుతుంది, వినేవాడు ఉండడు. నిన్నటిదాకా ఒప్పందం తప్పింది కంపెనీ, ఇవాళ్టి నుంచి తప్పింది మీరు. వాళ్ల ఫైల్లో మీ పేరు ఫిర్యాదుదారు వరుస నుంచి బాకీదారు వరుసలోకి మారుతుంది. ఇంటి బీమాలో "అలారం పనిచేస్తూ, సర్వీసు ఒప్పందంలో ఉండాలి" అనే షరతు ఉంటే, దొంగతనం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట తీసే కాగితం అదే. కంపెనీని దారికి తేవడానికి ఎంత గొప్ప దెబ్బ కొట్టామో చూశారా!

ఫిర్యాదులు వీగిపోయేది ఎక్కువగా రెండు కారణాల వల్ల: కాగితం లేకపోవడం, తప్పు తలుపు తట్టడం. మీ దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం ప్యానెల్‌లోని ఈవెంట్ లాగ్. ఎప్పుడు ఆన్ అయింది, ఏ సెన్సర్ ఎన్ని గంటలకు మోగింది, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ అందులో ఉంటాయి. ఈఎన్ 50131 గ్రేడ్ 2 (భద్రతా స్థాయిల్లో రెండోది) వ్యవస్థ కనీసం 250 ఘటనలు దాచాలి. ఆ పైన పాతవి చెరిగిపోతూ ఉంటాయి కాబట్టి గొడవ మొదలైన రోజే దాని కాపీ రాతపూర్వకంగా అడగండి, లేదా తెర మీద కనిపించేది ఫోటో తీయండి. (ఆ ఫోటో గ్రూపులో పెట్టకండి, మీరు ఇంట్లో లేని గంటలన్నీ అందులో ఉంటాయి.) ముందు కంపెనీకి రాయాలి. బిగించిన తీరు తప్పయితే తర్వాత ఆమోదం ఇచ్చిన సంస్థకు. దానంతటదే పొడిగించుకునే ఒప్పందం, రద్దు చేయనివ్వకపోవడం లాంటివైతే వినియోగదారుల చట్టం చూసేవాళ్లకు. సాంకేతిక తనిఖీ సంస్థను డబ్బు వాపసు ఇప్పించమని అడిగి, "చూశారా, పట్టించుకోలేదు" అంటే ఎలా?

ఆరోది మాత్రం నిజం, పూర్తిగా నిజం. తనిఖీ చేసే సంస్థలకు ఫీజు కట్టేది తనిఖీ చేయించుకునే కంపెనీలే. బ్రిటన్‌లో వాటిపైన యూకేఏఎస్ అనే గుర్తింపు సంస్థ ఉన్నా, కస్టమర్‌ను పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? ఇక్కడ మొహమాటం ఉంటుందని అనుమానించడం తప్పేమీ కాదు. అందుకే నేను వ్యాన్ మీది లోగో నమ్మను. ఆ సంస్థ సొంత జాబితాలో కంపెనీ పేరు ఇవాళ్టికి ఉందా, ఉంటే ఏ పనికి అని చూస్తాను. కెమెరాలకు మాత్రమే ఆమోదం తెచ్చుకుని, అదే లోగోతో అలారాలు అమ్మినా వ్యాన్ చూసి కనిపెట్టలేం.