ఇల్లు నిలబెట్టే పని ఇంటివాళ్ళకే ఇవ్వాలి

ఆస్ట్రేలియాలోని మన తెలుగు సంఘాల్లో ఉగాదో దీపావళో మొదలయ్యే ముందు స్టేజీ మీద ఎవరో ఒకరు ఈ నేల అసలు వారసులైన అబొరిజినల్ ప్రజలకి వందనం అంటూ రెండు వాక్యాలు చదువుతారు. తర్వాత గణపతి ప్రార్థన, కూచిపూడి, బిర్యానీ. అదే హాల్లో భోజనాల లైన్లో నిలబడి, "వాళ్ళకేంటండీ, గవర్నమెంటు అన్నీ ఫ్రీగా ఇస్తోంది, అయినా పిల్లల్ని చూసుకోరు, అందుకే గవర్నమెంటువాళ్ళు వచ్చి ఆ పిల్లల్ని తీసుకుపోతారు" అనేదీ మనమే. ఆ రెండో మాట గురించే రాస్తున్నాను, ఎందుకంటే మనలో చదువుకున్నవాళ్ళే, అందులోనూ నర్సులూ టీచర్లూ కూడా, ఆ మాట అనడం విన్నాను.

ఆస్ట్రేలియా పిల్లల్లో ఇక్కడి మూలవాసులైన అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల పిల్లలు నూటికి ఆరుగురు. ఇంటి నుంచి తీసేసి బయట పెంచుతున్న పిల్లల్లో మాత్రం నూటికి 40 మందికి పైగా వాళ్ళే. పిల్లల్ని చూసుకోకపోవడం వల్లే అనుకుంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది, కానీ ఫైళ్ళలో "నిర్లక్ష్యం" అని రాసేదాని వెనక చాలాసార్లు ఇరుకు ఇల్లు, అద్దె బాకీ, కొట్టే మొగుడు ఉంటాయి.

2011లో నార్వే అధికారులు ఒక భారతీయ కుటుంబంలో ఇద్దరు పసిపిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు మన టీవీ ఛానళ్ళు ఎలా ఊగిపోయాయో గుర్తుందా? చేత్తో తినిపించడం తప్పట, పక్కలో పడుకోబెట్టుకోవడం తప్పట అని ఇంటింటా అదే చర్చ (అధికారులు ఇంకా ఏవేవో కారణాలు చెప్పారు, అది వేరే సంగతి). ఢిల్లీ కల్పించుకుంది, చివరికి 2012లో ఆ పిల్లల్ని ఇండియాలో ఉన్న బాబాయి చేతికి ఇచ్చారు. అమ్మానాన్నల దగ్గర కుదరకపోతే బాబాయి ఉన్నాడుగా, ముక్కూమొహం తెలియనివాళ్ళింట్లో ఎందుకూ అని మనందరం అనుకున్నాం. అబొరిజినల్ కుటుంబాలు అడుగుతున్నదీ సరిగ్గా అదే. వాళ్ళ తరఫున ఫోన్ చేయడానికి ఇంకో దేశం లేదు, అంతే తేడా.

వాళ్ళ భయానికి పాత చరిత్ర ఉంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో అబొరిజినల్ వాళ్ళ "రక్షణ" పేరుతో చేసిన 1909 చట్టాన్ని 1915లో మార్చాక, కోర్టుకి వెళ్ళకుండానే పిల్లల్ని లాక్కుపోయే అధికారం ఆ రక్షణ బోర్డుకి వచ్చింది. కెంప్సీ దగ్గర కించెలాలో 1924 నుంచి 1970 దాకా మగపిల్లల హోమ్ నడిచింది, అక్కడ పిల్లల్ని పేరుతో కాదు, నంబరుతో పిలిచేవారు. 1997 నాటి విచారణ నివేదిక ఇవన్నీ బయటపెట్టింది, 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. కానీ నంబరుతో పెరిగిన కుర్రాడికి నాన్న అంటే ఎలా ఉంటాడో చూపించినవాళ్ళు లేరు కదా, అతనూ తండ్రయ్యాడు, తాతయ్యాడు. ఈరోజు అతని మనవరాలు దెబ్బలు తింటున్నా పోలీసులకి ఫోన్ చేయడానికి వెనకాడుతుంది, వాళ్ళ వెనకే పిల్లల రక్షణ డిపార్ట్‌మెంటు వచ్చి పిల్లల్ని తీసుకుపోతుందేమోనని. అలాంటి మనిషి ఆఫీసు కౌంటర్ దగ్గరకి వెళ్ళి సాయం అడుగుతుందా? తమ మనిషే, తమ ఊరి ఆంటీయే ఇంటికొచ్చి టీ తాగుతూ కూర్చుంటే అడుగుతుంది.

విక్టోరియా రాష్ట్రంలో వాకా అనే అబొరిజినల్ పిల్లల సంరక్షణ సంస్థ మోలీ డయర్ లాంటి పెద్దల చొరవతో 1970లలో మొదలైంది ఈ ఆలోచనతోనే. ఇప్పుడు అలాంటి సంస్థలు చాలా ఉన్నాయి, కించెలాలో పెరిగినవాళ్ళు కూడా తమ పిల్లల కోసం, మనవల కోసం సొంత సంస్థ పెట్టుకున్నారు. పని ఎలా జరుగుతుందంటే, ఒక బిడ్డ విషయంలో గొడవ వచ్చిందనుకోండి, కుటుంబ మీటింగు ఏర్పాటు చేసే అబొరిజినల్ కన్వీనర్ ముందు చుట్టాలందర్నీ వెతుకుతుంది. మేనత్త ఎవరు, తాత తమ్ముడు ఎక్కడున్నాడు, ఏ ఊరివాళ్ళు అని వంశవృక్షం గీస్తుంది. కుటుంబం చెప్పిన చోటే మీటింగు, భోజనం తప్పనిసరి. డిపార్ట్‌మెంటువాళ్ళు తమ టెన్షన్ ఏమిటో చెప్పాక లేచి బయటికి వెళ్ళిపోవాలి, లోపల పెద్దమ్మలూ మామయ్యలూ అరుచుకుని, ఏడ్చుకుని, వారంలో ఎవరు ఏ రోజు చూసుకోవాలి, తండ్రి తాగుతుంటే, మానేదాకా ఎక్కడుండాలి అన్నీ తేల్చి పిలుస్తారు. ఆ గదిలో తల్లి ముద్దాయి కాదు, ఇంటి మనిషి. మనకిది కొత్తేమీ కాదు, చాలా అబొరిజినల్ సమాజాల్లో మన దగ్గరలాగే అమ్మ అక్కచెల్లెళ్ళూ అమ్మలే, వాళ్ళ పిల్లలూ తోబుట్టువులే.

దీనితోపాటే మిగతావి నడుస్తాయి: పెద్దలతో యార్నింగ్ (అంటే తీరిగ్గా కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకోవడం), పొదల్లో క్యాంపులు, భాష నేర్పడం, పోసమ్ అనే చెట్లెక్కే చిన్న జంతువు తోలుతో దుప్పట్లు కుట్టడం. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో పూర్వం పుట్టిన బిడ్డకి ఒక చిన్న దుప్పటి కుట్టి, బిడ్డ పెరిగేకొద్దీ తోలు ముక్కలు కలుపుతూ పోయేవారు, లోపలివైపు తమ వంశం, తమ నేల గుర్తులు గీసేవారు. దాన్ని కౌన్సెలింగ్ అంటారా అని నవ్వేవాళ్ళున్నారు. కుట్టేటప్పుడు చేతులు పనిలో ఉంటాయి, కళ్ళు కిందికి ఉంటాయి, ఆఫీసులో నోరు విప్పని తల్లి అక్కడ మాట్లాడుతుంది.

అయితే డబ్బు ఎటు పోతోంది? పిల్లల రక్షణ పేరుతో పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం పిల్లల్ని తీసేయడానికి, తీసేశాక పెంచడానికి. ఇల్లు చెడకుండా చూసే సాయానికి దక్కేది సుమారు ఆరో వంతు, అందులో అబొరిజినల్ సంస్థల చేతికి వచ్చేది ఇంకా తక్కువ. మూలవాసులకీ మిగతావాళ్ళకీ మధ్య తేడాలు తగ్గించే 2020 ఒప్పందంలో ప్రభుత్వాలన్నీ, ఇంటి బయట పెరిగే పిల్లల్లో ఈ తేడాని 2031కల్లా 45 శాతం తగ్గిస్తామని సంతకం పెట్టాయి, లెక్కలు చూస్తే పరిస్థితి వెనక్కే నడుస్తోంది. విక్టోరియా మాత్రం 2017 నుంచి కోర్టు ఆర్డరు మీదున్న పిల్లల బాధ్యతని చట్టప్రకారం అబొరిజినల్ సంస్థలకే అప్పగించడం మొదలుపెట్టింది. నాకు నచ్చింది ఇదే, సలహా అడగడం కాదు, నిర్ణయమే ఇచ్చేయడం.

"మరి బిడ్డకి అక్కడ ప్రమాదం ఉంటేనో?" అంటారు. కొట్టే ఇంట్లో వదిలేయమని ఈ సంస్థలేవీ అనడం లేదు, అమ్మమ్మ ఇంటికి పంపే ముందూ తనిఖీలు ఉంటాయి. "జాతికొక ప్రోగ్రామ్ ఎందుకు?" అనేవాళ్ళు మన ఆడపిల్లలకి మొగుడితో సమస్య వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో ఆలోచించాలి. తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఉన్నారా అని గ్రూపుల్లో అడిగేది మనం కాదా?

సంఘం కమిటీకి నా సూచన చిన్నదే. ఆగస్టు 4 అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ పిల్లల దినం. ఈసారి మన ఏరియాలో కుటుంబాలతో పనిచేసే అబొరిజినల్ సంస్థ నుంచి ఒకరిని పిలుద్దాం, సమోసా ప్లేటు, శాలువా ఇచ్చి పంపకుండా, మన సింగర్‌కి ఇచ్చినట్టే ఫీజు ముందే మాట్లాడుకుని ఇద్దాం. ఆ రోజు నర్సులూ టీచర్లూ ముందు వరుసలో కూర్చోవాలి, ఎందుకంటే బిడ్డకి హాని జరుగుతోందని అనుమానం వస్తే చట్టప్రకారం డిపార్ట్‌మెంటుకి రిపోర్టు చేయాల్సినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.