నిద్రకు తాత్కాలిక మినహాయింపు

మనిషి శరీరం గురించి ఈ మధ్య మన దేశంలో జరిగిన గొప్ప పరిశోధన ఏ ఆసుపత్రిలోనూ జరగలేదు. 2025 డిసెంబరు 5న ఢిల్లీలో, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెటర్‌హెడ్ మీద జరిగింది. ఇండిగో వారి ఎయిర్‌బస్ ఎ320 నడిపే పైలట్లకు రాత్రి అలసట 2026 ఫిబ్రవరి 10 దాకా పెద్దగా రాదని అందులో తేలింది. అదే పైలట్ వేరే కంపెనీలో ఉంటే వస్తుంది. ఇదే కంపెనీలో ఫిబ్రవరి 11న మళ్ళీ వస్తుంది. మధ్యలో మాత్రం రాదు. నిద్రకు ఇంత క్రమశిక్షణ ఉంటుందని మన పూర్వీకులకు తెలియదు.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 చెయ్యమన్నారు. రూల్స్ లెక్కలో 'రాత్రి' అన్నది తెల్లవారుజామున ఐదింటికి అయిపోయేది, ఇకపై ఆరింటిదాకా సాగుతుందన్నారు. రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగుల దాకా చేయించుకోవచ్చన్న వెసులుబాటును రెండుకి తగ్గించారు. ఇవన్నీ 2024 జనవరిలో డీజీసీఏ రాసిన రూల్స్. ఆ జూన్‌లోనే అమలు కావాల్సింది. కంపెనీలు గగ్గోలు పెడితే వాయిదా వేశారు. పైలట్లు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక, 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అని తేదీలు ఖాయం చేశారు.

ఇంత జరిగినా దేశంలోకెల్లా పెద్ద విమానయాన సంస్థ ఇండిగో మీద నవంబరు 1 హఠాత్తుగా వచ్చి పడింది. అక్టోబరు అయిపోయిన మర్నాడే వచ్చేసింది పాపం, కాస్త గాలి పీల్చుకునే టైమ్ కూడా ఇవ్వకుండా. కొత్త రూల్స్‌కు సరిపడా పైలట్లు లేక, డిసెంబరు మొదటి వారానికి ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసులు గుట్టలు పడ్డాయి. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అంచనాలు తప్పాయి, ప్లానింగ్‌లో లోపం ఉంది అని కంపెనీయే ఒప్పుకుంది. అప్పుడు ప్రభుత్వం వారు లోపం ఎక్కడుందో వెతికి పట్టుకున్నారు. పైలట్ నిద్రలో దొరికింది.

రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఇండిగోకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. దాంతోపాటు, వారపు విశ్రాంతికి బదులు సెలవును లెక్కెయ్యకూడదన్న ఆదేశాన్ని అన్ని కంపెనీలకూ వెనక్కి తీసుకున్నారు. అంటే జ్వరమొచ్చి సెలవు పెట్టి మంచానపడితే, ఆ మూలిగిన గంటల్ని విశ్రాంతి ఖాతాలో జమ చేసుకునే దారి తెరిచారన్నమాట. ఇంకో అడుగు ముందుకేసి, పైలట్ చిన్నప్పుడు ఉయ్యాల్లో పడుకున్న గంటల్ని కూడా కలిపితే ఈ దేశంలో పైలట్ల కొరత శాశ్వతంగా తీరిపోతుంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ మినహాయింపు పత్రాన్ని శరీరానికి ఎవరు అందజేస్తారు? తెల్లవారుజామున నాలుగున్నర. ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తు. కెప్టెన్ గారి కనురెప్పలు బరువెక్కుతున్నాయి. కో-పైలట్ ఆర్డర్ కాపీ తీసి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెడతాడు. "శ్రీయుత ఎడమ కనురెప్ప గారికి, శ్రీయుత కుడి కనురెప్ప గారికి తెలియజేయునదేమనగా, తమరు మూతపడవలసిన సమయమునకు ప్రజాప్రయోజనార్థం మినహాయింపు ఇవ్వడమైనది." ఎడమ రెప్ప ప్రభుత్వమంటే భయమున్నది, సంతకం పెట్టి కాపీ తీసుకుంటుంది. కుడి రెప్ప మొండిది. "మీ ఆర్డర్‌లో ఫ్లీట్ పేరుంది గానీ నా పేరు లేదు, సరైన మార్గంలో రండి" అంటుంది. ఫైల్ మెదడుకు వెళ్తుంది. మెదడు అప్పటికే సీట్లో లేదు, లంచ్‌కి వెళ్ళింది. ఇన్‌చార్జి ఎవరని అడిగితే వెన్నెముక ముందుకొచ్చి, "నేను కూర్చోబెట్టడం వరకే సార్, నిర్ణయాలు నా పరిధి కాదు" అంటుంది. చివరికి కడుపులో ఉన్న మూడో కాఫీకి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తారు. వెనక నూట ఎనభై మంది హాయిగా గురకపెడుతుంటారు. వాళ్ళ నిద్రకు ఏ మినహాయింపూ వర్తించదు, టికెట్ కొన్నారు కదా.

నవ్వొచ్చే విషయం ఇక్కడితో సరి.

2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. దొరికిన కాక్‌పిట్ రికార్డింగు రెండు గంటల పైచిలుకు, అందులో గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు. మెలకువ వచ్చాక విమానం ఉండాల్సినదానికన్నా ఎత్తులో ఉంది. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్", అంటే దిగకుండా మళ్ళీ పైకి లేపమని, అన్నాడు. కెప్టెన్ వినలేదు. ల్యాండింగ్ ఆపకపోవడమే ప్రమాదానికి కారణమని విచారణ సంఘం చెప్పింది. అంతసేపు నిద్రపోయి లేచినప్పుడు బుర్ర మొద్దుబారి ఉండే స్థితి కూడా ఇందుకు తోడై ఉండొచ్చని రాసింది. విమానం దిగింది ఉదయం ఆరు దాటాక. సార్లూ, ఆరు దాటాక! రాత్రి ఐదింటికి అయిపోవాలా ఆరింటికి అవ్వాలా అని మీరు బేరమాడుతున్నారే, ఆ గంట గురించి 158 మంది చచ్చి చెప్పి పదిహేనేళ్ళయింది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా శరీరం అట్టడుగున ఉంటుందని మీ రూల్ పుస్తకంలో మీరే రాసుకున్నారు. రాసిన చేత్తోనే చెరిపేశారు. సిగ్గనిపించలేదా?

ఇదే నియంత్రణ సంస్థకు పైలట్ నోటి మీద ఉన్న శ్రద్ధ చూస్తే కళ్ళు చెమరుస్తాయి. డ్యూటీకి ముందు బ్రీత్ ఎనలైజర్ ఊదాలి. ఆల్కహాల్ సున్నా ఉండాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించడం కూడా 2023లో నిషేధించారు. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చి పాతికేళ్ళు దాటింది. ఆ మత్తును పట్టుకునే గొట్టం ఏ ఎయిర్‌పోర్టులోనూ లేదు. పుదీనా వాసన వస్తే సస్పెన్షన్. నిద్ర లేక తూలుతుంటే మినహాయింపు.

ఇక్కడ తప్పకుండా ఒక పెద్దమనిషి లేస్తాడు. ప్రతి చర్చలోనూ ఉంటాడు. "నెలకి లక్షలకి లక్షలు తీసుకుంటూ నిద్రేంటండీ? అయినా ఆటోపైలటే కదా నడిపేది!" అంటాడు. ఈయన లెక్కలో జీతం పెరిగేకొద్దీ నిద్ర తగ్గుతుంది. ఆ లెక్కన కంపెనీల పెద్దలు జీవితంలో కన్ను మూసి ఉండకూడదు. జీతం సంగతే తీస్తే, మొదట లైసెన్సుకీ, తర్వాత ఫలానా రకం విమానం నడిపే ట్రైనింగుకీ కలిపి ఇల్లు తాకట్టు పెట్టే స్థాయి అప్పు చేసి మరీ వస్తారు ఎక్కువమంది. ఆ జీతంలో పెద్ద ముక్క ఎగిరిన గంటల మీద ఆధారపడుతుంది. విమానం నిలిచినచోటు నుంచి కదిలితే గంట మొదలు, మళ్ళీ ఆగితే ఖతం. అర్ధరాత్రి క్యాబ్ ఎక్కడం, వాతావరణం చూసుకోవడం, పొగమంచు తేలేదాకా కూర్చోవడం చాలాచోట్ల ఆ లెక్కలోకే రావు. ఇక ఆటోపైలట్ గురించి ఆ పెద్దమనిషికి ఒక్క మాట. మంగళూరు విమానంలోనూ ఉంది సార్.

అన్నిటికన్నా నాకు బాగా నచ్చిన రూల్ ఇంకొకటి ఉంది. 2017 నుంచి, ఉద్యోగం మానేయాలంటే కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏకంగా ఏడాది నోటీసు ఇవ్వాలి. ఎందుకంటే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే విమానాలు రద్దయి ప్రయాణికులు ఇబ్బంది పడతారట. ప్రయాణికుల మీద అంత ప్రేమ. కంపెనీకి మాత్రం కొత్త రూల్స్ వస్తున్నాయని 2024 జనవరి నుంచి 2025 నవంబరు దాకా, అంటే ఇరవై రెండు నెలల నోటీసు దొరికింది. ఆ ఇరవై రెండు నెలలూ గడిచాక విమానాలు రద్దు చేసి, ప్రయాణికుల్ని నేల మీద పడుకోబెట్టి, పైగా మినహాయింపు పట్టుకెళ్ళింది. ఆ డిసెంబరు 5న ఒళ్ళు మండి ఏ కెప్టెన్ అయినా రాజీనామా రాసిచ్చి ఉంటే, ఆయన నోటీసు 2026 డిసెంబరు దాకా నడుస్తూనే ఉంటుంది. ఈలోగా రాత్రి పికప్ రెండింటికి, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోకండి అని మెసేజ్ వస్తుంది.