క్వశ్చన్ ట్యాగ్ దొరవారికి ఒక అర్జీ

దండం దొరా!

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు. బత్తాయి తోటోళ్లం. క్లాక్ టవర్ కాడ మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషుకు పోయి, ఇంగ్లీషు మాట చివర్ల 'డజంట్ హి', 'ఈజంట్ ఇట్' అని తగిలించే తోక, అదే తమరి దెబ్బకు ఇంటికొచ్చిన బాపతు.

మాకు ఒక్క 'గద' ఉంది. 'వానొస్తది గద.' 'మొన్న వచ్చిన్రు గద.' 'నీకు చెప్పలే గద.' ఆడ, మగ, నిన్న, రేపు, ఒక్కరు, పదిమంది... ఏది మారినా అది మారదు. ముందుగాల్ల అదీ తమరి లెక్కనే 'కాదా' అని నిండుగ ఉండేదట. నోట్ల అరిగి 'కదా' అయింది, మా కాడికొచ్చేసరికి 'గద' అయింది. అరిగినా పని ఆగలే.

తమరికట్ల కాదు, పరివారం కావాలె. మాటయిపోయినంక కామా పెట్టాలె. వాక్యంల ఉన్న సహాయక క్రియను పట్టుకురావాలె, అది లేకుంటే డూ, డజ్, డిడ్‌లల్ల ఒకదాన్ని కూలికి పిలవాలె. ముందటిది ఔనంటే దీంతోని కాదనిపించాలె, కాదంటే ఔననిపించాలె. 'మై బ్రదర్ సెల్స్ ఫ్రూట్స్' అంటే 'డజంట్ హి'. 'సోల్డ్' అంటే 'డిడంట్ హి'. 'కాంట్ సెల్' అంటే 'కెన్ హి'. నేను ఇదంత లెక్క కట్టేలోపల మా తమ్ముని బత్తాయి లోడు హైదరాబాదు తొవ్వ పట్టింది. దొరల వెట్టి మీద 1946ల లేచిన జిల్లా మాది. ఆ డూ, డజ్, డిడ్‌లను చూస్తే పాత రోజులు యాదికొస్తయి దొరా, జర పైలం.

ఇగ తమరి ఇష్టారాజ్యం చూడుర్రి. 'ఐ యామ్ లేట్' అన్నంక 'ఆరెంట్ ఐ' అనాలట. యామ్ ఇంటికి ఆర్ ఇల్లరికం ఎందుకొచ్చిందని సార్‌ను అడిగితే 'అదంతే, రాసుకో' అన్నడు. స్కాట్లాండు, ఐర్లాండు దిక్కు 'యామంట్ ఐ' అంటరట, వాళ్లకూ కడుపు మండినట్టుంది. 'ఎవ్రిబడీ హాజ్ కమ్' అని ఒక్కణ్ని లోపలికి పంపితే తోకల 'హావెంట్ దే' అని మంది తేల్తరు. 'హార్డ్‌లీ' ఇంకో దొంగ. పైకి ఔను వేషం, లోపల కాదు. అందుకే 'హి హార్డ్‌లీ స్పీక్స్' తర్వాత 'డజ్ హి'. అప్పు తీర్చనోడు 'ఇస్త తియ్యి' అన్నట్టన్న మాట.

ఇవన్నీ ఓర్చుకున్న. అసలు దెబ్బ ఇంటర్వ్యూల పడ్డది. హైదరాబాదుల ఒక ఆఫీసు. అద్దాలాయన నా కాగితం చూసుకుంట, 'యు హావెంట్ వర్క్‌డ్ ఎనీవేర్, హావ్ యు?' అన్నడు. మన కాడ 'యాడ పనిచెయ్యలే గద?' అంటే 'ఔ సార్, చెయ్యలే' అంటం. మీరన్నది నిజమే అని మర్యాద. నేనూ మర్యాదగ 'యెస్ సార్' అన్న.

ఆయన మొహం ఎలిగింది. 'ఓ, వేర్?'

'నో సార్.'

'సో యు హావెంట్?'

'యెస్ సార్.'

అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

తర్వాత తెలిసింది, తమరి రాజ్యంల యెస్ అంటే అడిగినాయనకు ఒప్పుకున్నట్టు కాదు, పని చేసినట్టు. చెయ్యకుంటే అన్నిటికీ నో నే. ఇంకోటి గూడ తెలిసింది. చివర్ల గొంతు పైకి లేస్తే నిజంగ అడిగినట్టట, కిందికి దిగితే జవాబు తెలిసే అడిగినట్టట. ఆయన గొంతు దిగింది, నాకు బాగ యాదికుంది. లేని నౌకరీ చేసిన్నని నేనే ఒప్పుకున్న.

మా బస్టాండుల అన్నిటికీ 'ఈజంట్ ఇట్' అంటరు. 'హి వెంట్, ఈజంట్ ఇట్?' గ్రామర్ సార్ మార్కు కోస్తడు. లండన్ పోరగాళ్లు దాన్నే 'ఇన్నిట్' చేసి అన్నిటికీ తగిలిస్తే మాత్రం యాస అంటరు. ఫ్రెంచోళ్లు ఒక్క 'నెస్‌పా'తోని సంసారం ఎల్లదీస్తున్నరు, వాళ్లను గూడ ఎవ్వరేమంటలేరు. మా 'గద' చేసిన పాపం ఏందో తమరే చెప్పాలె.

ఆ సాయంత్రం బస్సుల ఉండంగ నాయన ఫోన్ చేసిండు. 'రాలే గదరా?'

'ఔ నాయనా.'

యాడ అని అడగలే. 'తియ్యి, పొద్దుగాల కరెంటుంటది, తోటకు నీళ్లు పెట్టాలె, రా' అన్నడు.

ఇట్లు
తమ విధేయుడు, ఆరెంట్ ఐ?