అన్నం తినకపోతే టీచర్‌కి చెప్తా

పిల్లలకూ టీచర్లకూ మధ్య బంధం బడిలో మొదలవుతుందని అమాయకులు అనుకుంటారు. అది మొదలయ్యేది సొరకాయ కూర దగ్గర. ఇంకా బడి గడప తొక్కని మూడేళ్ల పిల్ల ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకుని కూర్చుంటే, "ఉండు, మీ టీచర్‌కి చెప్తా" అంటాం. ముద్ద దిగిపోతుంది. ఆ టీచర్ ఎవరో పిల్లకీ తెలీదు, మనకీ తెలీదు.

మా చిన్నప్పుడు ఈ డ్యూటీ బూచాడు చేసేవాడు. అతనికి ఫీజు కట్టే పని లేదు. టీచర్‌కైతే కడుతున్నాం కాబట్టి పూర్తిగా వాడుకుంటున్నాం.

తాతల కాలంలో పిల్లాణ్ణి పంతులుగారికి అప్పజెప్పి, "కళ్లు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం" అని వచ్చేసేవారు. కోదండం, గోడకుర్చీ ఆ ప్యాకేజీలోవే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. వంటింటి ఊసెత్తలేదు. కనుక టీచర్ చేతిలో బెత్తం పోయినా, టీచర్ పేరుతో ఉన్న బెత్తం మన దగ్గర భద్రం.

అమెరికాలో రాబర్ట్ పియాంటా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ బంధాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళే తయారుచేశారు. సాన్నిహిత్యం, ఘర్షణ, అతిగా ఆధారపడటం చూస్తారు. సొరకాయ గురించి ఒక్క ప్రశ్న లేదు. అలాంటి పరిశోధన మనకెందుకు?

మా ఇంటి ఫలితం చెప్తాను. ఎల్‌కేజీలో చేరిన రెండో వారం మా అమ్మాయి తడిసిన గౌనుతో ఇంటికొచ్చింది.

"టాయిలెట్ వస్తే మిస్‌ని అడగాలి కదమ్మా?"

"అడిగితే కొడుతుంది."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే, నాన్నా."

పెద్దల మాట పిల్లలు చెవిన పెట్టరనేది వట్టి అపవాదు.

ఇంత భయంకరమైన టీచర్‌కే ఆ రాత్రి తొమ్మిదిన్నరకు, "పాప టిఫిన్ బాక్సు మూత కనపడట్లేదు, వెతికి పెట్టండి" అని వాట్సాప్‌లో హుకుం జారీ చేశాను. పిల్ల దగ్గర ఆమె పులి, నా ఫోన్లో పనిమనిషి.

పేరెంట్స్ మీటింగ్‌లో మా అమ్మాయి నా వెనక నక్కి, సగం మొహం బయటపెట్టి అడిగింది. "మిస్, నేను సొరకాయ తినలేదని నాన్న మీకు చెప్పారా?"

ఆవిడ వంగి, గొంతు తగ్గించి, "నాకూ సొరకాయ నచ్చదమ్మా" అంది.

ఆ ఒక్క మాటతో మా వంటింటి పరిపాలన కుప్పకూలింది. ప్రస్తుతం వాచ్‌మన్ పేరు చెప్పి నెట్టుకొస్తున్నాం.