విశ్వాసానికి రక్షణ సరే, లెక్కలకు మినహాయింపు వద్దు

సాంకేతికతతో ముసలితనాన్ని, చావును జయించవచ్చని నమ్మే ట్రాన్స్‌హ్యూమనిజం మతమా, కాదా? అమెరికాలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడో ప్రభుత్వ దస్త్రాలకెక్కింది. కృత్రిమ మేధను దైవంగా ఆరాధించేందుకు ఇంజినీరు ఆంథొనీ లెవాండౌస్కీ పెట్టిన ‘వే ఆఫ్ ది ఫ్యూచర్’ చర్చికి 2017లో పన్ను మినహాయింపు దక్కింది. 2020 చివరికి అది మూతపడింది. ఖాతాలోని 1,75,172 డాలర్లు పౌరహక్కుల న్యాయనిధికి వెళ్లాయి.

దేవుడి ప్రస్తావన లేదు కనుక మతం కాదనే వాదన నిలవదు. బౌద్ధ, జైనాలను ఉదహరిస్తూ మన సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో ఆ సంగతి తేల్చింది. ఆస్తికుడి జీవితంలో దేవుడికి ఉన్నంత చోటు ఒక విశ్వాసానికి ఉంటే చాలని అమెరికా సుప్రీంకోర్టు 1965లో సీగర్ కేసులో చెప్పింది. భవిష్యత్ సాంకేతికత తిరిగి బతికిస్తుందన్న ఆశతో, చనిపోయాక తన దేహాన్ని అతిశీతలంలో భద్రపరచాలని కోరుకునే వ్యక్తి నమ్మకం ఈ కొలతకు నిలుస్తుందనే మా అభిప్రాయం.

మతంగా ఈ గుర్తింపు అవసరం శవాగారం గుమ్మంలో తెలుస్తుంది. ఇలా దేహాన్ని భద్రపరిచే క్రయోనిక్స్‌లో ప్రతి నిమిషమూ విలువైనదే. మరణాన్ని ధ్రువీకరించగానే దేహాన్ని మంచునీళ్ల తొట్టెలోకి దించి, యంత్రంతో ఛాతీని నొక్కుతూ రక్తప్రసరణ నడిపిస్తారు. తర్వాత రక్తాన్ని తొలగించి, మంచు కట్టనివ్వని ద్రావణాన్ని ఎక్కిస్తారు. అది చేరని చోట మంచు స్ఫటికాలు కణాలను ఛిద్రం చేస్తాయి. ఆపై రోజుల తరబడి చల్లబరుస్తూ మైనస్ 196 డిగ్రీలకు తెస్తారు. మైనస్ 120 దిగువన కణజాలం గాజులా పగుళ్లివ్వవచ్చు. ఈలోగా శవపరీక్ష జరిగితే గంటలు గడిచిపోతాయి, మెదడును కోసేస్తారు. అందుకే శవపరీక్షకు మతపరమైన అభ్యంతరం తెలిపే పత్రంపై ముందే సంతకం చేసి ఉంచమని క్రయోనిక్స్ సంస్థలు సభ్యులకు సూచిస్తాయి. కాలిఫోర్నియాలో దానికి ఇద్దరు సాక్షులు కావాలి. నేరం జరిగిందనో, ప్రమాదకరమైన అంటువ్యాధి ఉందనో అనుమానముంటే పత్రం ఉన్నా శవపరీక్ష ఆగదు. ఆ హద్దు సబబే. ఏ గుడికీ, చర్చికీ వెళ్లనివారికి కూడా ఈ రక్షణ దక్కాలి.

దేహాన్ని దాచే సంస్థ సంగతి వేరు. పూర్తి దేహానికి అరిజోనాలోని ఆల్కార్ సంస్థ రుసుము 2 లక్షల డాలర్లకు పైమాటే. చాలామంది జీవిత బీమా ద్వారా చెల్లిస్తారు. దేహాలను చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ నిరంతరం ఆవిరవుతుంది, నింపుతూనే ఉండాలి. మట్టం తగ్గినా తల చివరిదాకా చల్లగా ఉండేలా దేహాలను తలకిందులుగా నిలుపుతారు. ఇంత జాగ్రత్తా డబ్బున్నంత కాలమే. 1970లలో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానవాటికలో నిధులు అడుగంటి, భూగర్భ గదిలోని తొమ్మిది దేహాలు కరిగి కుళ్లిపోయాయి. కుటుంబాలకు ఆ సంగతి సకాలంలో తెలియనే లేదు.

అమెరికాలో చర్చిలు ఏటా ఆదాయ వివరాలు దాఖలు చేయనక్కర్లేదు. శతాబ్దాల పూచీ పేరుతో డబ్బు తీసుకునేవారికి ఈ వెసులుబాటు ఇవ్వడం అన్యాయం. మతాచరణతో ముడిపడిన ఆర్థిక కార్యకలాపాలను నియంత్రించే అధికారాన్ని మన రాజ్యాంగం 25వ అధికరణంలో ప్రభుత్వానికి స్పష్టంగా ఇచ్చింది. అక్కడా గీత అలాగే గీయాలి. నిర్వహణ నిధి ఎంత, ఎక్కడ మదుపు చేశారు, సంస్థ మూతపడితే దేహాలను ఎవరు స్వీకరిస్తారు అన్నవి ఒప్పందం మొదటి పేజీలోనే ఉండాలి. ఆడిట్ నివేదిక ఏటా వారసుల చేతికి అందాలి.