అప్పలరాజుల కొరతపై ఒక విజ్ఞప్తి

విశాఖపట్నంలో వేసవి వస్తే నీటికి, వాన వస్తే నడిచే దారికి, ఆదివారం సాయంత్రమైతే బీచ్ రోడ్డులో బండి నిలిపే చోటుకు కొరత ఏర్పడుతుందని పత్రికలు ఏటా తప్పకుండా రాస్తూనే ఉన్నాయి. కానీ ఈ నగరపు బడులను చాలా ఏళ్లుగా పీడిస్తున్న మరొక కొరత గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఒకటో తరగతిలో అప్పలరాజు దొరకడం లేదు. 1986లో ఉపాధ్యాయుడిగా చేరి, పదవీ విరమణ చేసే దాకా అటెండెన్స్ రిజిస్టరును తప్ప మరే గ్రంథాన్నీ అంత నిష్ఠతో పారాయణం చేయని వాడిని గనుక, ఈ విషయాన్ని ప్రభుత్వం దృష్టికి తేవడం నా కర్తవ్యమని భావిస్తున్నాను.

ముందుగా పూర్వస్థితిని మనవి చేస్తాను. 1970 ప్రాంతంలో నేను మూడో తరగతి చదువుతున్నప్పుడు మా గదిలో నలుగురు అప్పలరాజులు ఉండేవారు. వారిని మా మాస్టారు పెద్ద అప్పలరాజు, చిన్న అప్పలరాజు, రైల్వే అప్పలరాజు, చీమిడి అప్పలరాజు అని శాస్త్రీయంగా వర్గీకరించారు. (నాలుగో ఆయన ఇప్పుడు పేరున్న కాంట్రాక్టరు. పేరులోని మొదటి భాగాన్ని వదులుకున్నారు.) వీరు కాక అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పారావు, అప్పలనరసమ్మ ఉండనే ఉన్నారు. 'సింహాచలం' అని పిలిస్తే అటు మగపిల్లల బల్ల నుంచి ఒకడు, ఇటు ఆడపిల్లల బల్ల నుంచి ఒకతె లేచి 'ప్రెజెంట్ సార్' అనేవారు. స్త్రీపురుష సమానత్వంపై నేడు హోటళ్లలో సదస్సులు జరుపుతున్నవారు, ఆ సమానత్వాన్ని మా సింహాచలం కొండ మీది అప్పన్న ఒక్క పేరుతో ఏనాడో సాధించాడన్న సంగతిని గమనించవలసిందిగా కోరుతున్నాను.

ఆనాటి పేరు ఒక చిరునామా కూడా. పిల్లవాడు నూకరాజు అయితే వాళ్ల అమ్మ అనకాపల్లి నూకాంబికకు మొక్కుకుని ఉంటుందని, పైడిరాజు అయితే మేనమామలది విజయనగరం వైపని, పోలమ్మ అయితే పెదవాల్తేరు పోలమాంబ గుడికి కూతవేటు దూరంలో ఇల్లుంటుందని, కనకమహాలక్ష్మి అయితే బురుజుపేట అమ్మవారి దయ అని మాస్టారు రిజిస్టరు చూసి చెప్పేవారు. ఆయన అంచనా అప్పుడప్పుడు తప్పేది, కానీ తప్పినప్పుడు ఆయన పిల్లవాడి పేరునే అనుమానించేవారు.

తవిటయ్య అని ఒకడు ఉండేవాడు. అంతకు ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరువాత పుట్టిన వాడిని గుప్పెడు తవుడుకు పొరుగింటివారికి అమ్మినట్టు అమ్మి, మళ్లీ తెచ్చుకుని, తవుడు అని పేరు పెట్టేవారు. పెంటయ్య, పుల్లయ్య అనే పేర్ల వెనుకా ఇటువంటి కథే ఉంటుంది. బిడ్డ ఎంత చవకైన వాడో చావుకు చూపించి, దాని కళ్లుగప్పడమే అందులోని యుక్తి. టీకాలు, ఆసుపత్రులు వచ్చాక ఆ యుక్తితో పని లేకుండా పోయింది. ఇది నిస్సందేహంగా మంచి మార్పే కాబట్టి తవిటయ్యలను తిరిగి తెప్పించమని నేను కోరడం లేదు. తవుడుకు వచ్చిన వాడి స్థానంలో ఎల్‌కేజీకే లక్షలు పోయించుకునే వాడు వచ్చాడని మాత్రం నమోదు చేస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి 'ఈష్' యుగం నడుస్తోంది. రమేష్, సురేష్, మహేష్, గణేష్, సతీష్ వరుసగా కూర్చునేవారు, వారి వెనుక కుమార్లు, కిరణ్‌లు. ఆడపిల్లల వైపు సునీత, అనిత, కవిత, సరిత. వెనుకటి తరం 'రావు'లన్నీ రాలిపోయి తండ్రుల సంతకాలకే పరిమితమయ్యాయి. ఆ తరువాత కొంతకాలం సాయి కిరణ్, సాయి తేజ, సాయి కుమార్ వంటి వారు ఎంత మంది చేరారంటే, 'సాయీ' అని పిలిస్తే తరగతి యావత్తూ జాతీయ గీతానికి లేచినట్టు లేచి నిలబడేది. ఈ రెండు యుగాల మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పేర్లు ఎక్కడివైనా, పిలిస్తే కనీసం ఎవరో ఒకరు పలికేవారు.

అసలు సంక్షోభం విహాన్‌తో మొదలయింది. మా బాబు పేరు ఇంకెవరికీ ఉండకూడదని ఎంవీపీ కాలనీలో ఒక తండ్రి, మధురవాడలో ఒక తండ్రి, గాజువాకలో ఒక తండ్రి ఒకరికి తెలియకుండా ఒకరు నిశ్చయించుకుని, ముగ్గురూ ఫోనులో ఒకే చోట వెతికి, ముగ్గురూ విహాన్ అని పెట్టారు. జాగ్రత్తపరులైన నాలుగో తండ్రి వియాన్ అని, ఐదో ఆయన రియాన్ అని, ఆరో ఆయన కియాన్ అని పెట్టి పోటీ నుంచి తప్పుకున్నామని ఊపిరి పీల్చుకున్నారు. అప్పలరాజులు నలుగురు ఉన్నప్పుడు వాళ్ల పేరు ఒక్కటే, మనుషులు మాత్రం వేరు వేరని మాకు స్పష్టంగా తెలిసేది. ఇప్పుడు ఎవరి పేరు వారిదే, అయినా రిజిస్టరు చదువుతుంటే ఒకే పిల్లవాడిని ఆరుసార్లు పిలుస్తున్నట్టు ఉంటుంది.

ఇందులో పిలుపుకు సంబంధించిన సాంకేతిక సమస్య కూడా ఒకటి ఉంది. తెలుగు పేరు చాలా మటుకు అచ్చుతో ముగుస్తుంది. ఆ అచ్చును ఊపిరి ఉన్నంత మేరా సాగదీయవచ్చు. జాలరిపేట ఒడ్డున ఒక తల్లి నిలబడి 'ఒరే అప్పలరాజూ' అని కేక వేస్తే, ఆ 'ఊ' ఎదురుగాలిని తోసుకుంటూ అలల మీదుగా వెళ్లి, ఎక్కడో నీళ్లలో మునకలు వేస్తున్న వాడి చెవి పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చేది. 'విహాన్' అని పిలిచి చూడండి, పిలుపు ముక్కు దాటి బయటికి రాదు. 'రేయాన్ష్' పరిస్థితి మరీ దయనీయం. సముద్రపు గాలికి ముందరి భాగం కొట్టుకుపోయి చివరి 'ష్' ఒక్కటే అవతలికి చేరుతుంది. అది విన్న పిల్లలందరూ భయపడి నోరు మూసుకుంటారే తప్ప ఒక్కడూ ఇంటికి రాడు.

అర్థం అడిగితే తల్లిదండ్రులకు కోపం వస్తుంది, అయినా అడిగాను. రేయాన్ష్ అంటే సూర్యకిరణంలో ఒక అంశ అని ఒక తండ్రి సెలవిచ్చారు. తెలుగు మాస్టారుగా నాకు రేయి అంటే రాత్రి అనే తెలుసు కనుక, ఈ పిల్లవాడు చీకటి ముక్క అవుతాడు కదా అని సవినయంగా సందేహం వెలిబుచ్చాను. మరుసటి వారం ఆయన వచ్చి, పేరు అదే ఉంటుంది గానీ ఇంగ్లీషులో 'ఏ' ఒకటి అదనంగా చేర్చామని, దానితో అర్థం సరిపోయిందని సంఖ్యాశాస్త్రవేత్త చెప్పారని తెలియజేశారు. నాకు తెలిసినంతలో అర్థం మారకుండా అదృష్టం మాత్రమే మారే అక్షరం అదొక్కటే.

నక్షత్రాన్ని బట్టి మొదటి అక్షరం ఎంచుకునేవారు ఇంకా కొందరున్నారు, వారిని నేను గౌరవిస్తాను. విశాఖ నక్షత్రంలో పుట్టిన వారికి తీ, తూ, తే, తో అనే అక్షరాలు వస్తాయి. ఆ లెక్కన సాక్షాత్తూ నక్షత్రం పేరే పెట్టుకున్న మన నగరం ఇన్నాళ్లూ తప్పు అక్షరంతో బతుకుతోందన్న మాట. దీన్ని తేజస్‌పట్నంగా మార్చాలని ఎవరైనా అర్జీ పెట్టేలోగా, నోరు తిరగని తెల్లవాళ్లు పెట్టిన వైజాగ్ అనే ముద్దుపేరునే మనం స్పెల్లింగుతో సహా కాపాడుకుంటున్నామని గుర్తు చేస్తున్నాను.

ఇక పరిష్కారానికి వస్తాను. బంగాళాఖాతంలో తుఫాను పుడితే దానికి ఎవరు పడితే వారు, ఏది తోస్తే అది పేరు పెట్టరు. 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చి, మొత్తం 169 పేర్లతో 2020లో ఒక జాబితా సిద్ధం చేశాయి. ఆ పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలకు మించకూడదు, సులువుగా పలకాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు, ఆడా మగా తేడా ఉండకూడదు, ఒకసారి వాడినది మళ్లీ వాడకూడదు. 2014 అక్టోబరు 12న ఈ నగరాన్ని ఊడ్చి వెళ్లిన హుద్‌హుద్ కూడా ఇటువంటిదే అయిన అంతకు ముందటి జాబితాలో ఒమన్ దేశం ఇచ్చిన పేరే. అది ఒక పిట్ట పేరు. చెట్టు, కరెంటు స్తంభం, రేకుల కప్పు అని చూడకుండా పడగొట్టిన ఆ పిట్టను ఇక్కడ మరచిపోయిన వారు లేరు, దాని పేరు పలకలేని ముసలమ్మా లేదు. నాలుగు రోజులు ఉండి పోయే గాలికి ఇంత కట్టుదిట్టం ఉండగా, డెబ్బై ఎనభై ఏళ్లు ఉండవలసిన మనిషికి ఏ నిబంధనా లేకపోవడం ఆశ్చర్యకరం. విశాఖలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఎలాగూ ఉంది. వాతావరణం ప్రశాంతంగా ఉన్న నెలల్లో అక్కడి సిబ్బందికి బిడ్డల పేర్ల పరిశీలనను అదనపు బాధ్యతగా అప్పగించవచ్చు.

ఈ ప్రతిపాదనలో ఒక చిక్కు ఉందని నిజాయతీగా ఒప్పుకోవాలి. అప్పలరాజు ఇంగ్లీషులో పది అక్షరాలు, సింహాచలం పదకొండు. ఆడా మగా తేడా లేదన్న నిబంధనలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న సింహాచలం, పొడవు దగ్గర తప్పడం విచారకరం. అప్పన్న మాత్రం ఏడు అక్షరాలతో నెగ్గుతాడు.

అప్పన్న మాట వచ్చింది కాబట్టి ఒక పరిశీలన. సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనంలో ఉండి, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు నిజరూప దర్శనం ఇస్తాడు. మా అపార్ట్‌మెంటులో ఆ రోజు తెల్లవారకుండానే క్యూలో నిలబడని వారు లేరు. మొక్కు ఆయనకు, తలనీలాలు ఆయనకు, పిల్లవాడి అన్నప్రాసన ఆయన సన్నిధిలో. పేరు ఒక్కటే ఆయనది కాదు. దేవుడి కొండ కావాలి, ప్రసాదం కావాలి, ఆయన పేరు మాత్రం ఇంటర్నేషనల్ స్కూలు దరఖాస్తులో కనపడకూడదు. శ్రద్ధగా వెతికితే ఇంటిపేరు పక్కన చుక్క పెట్టిన 'ఏ' అనే అక్షరంగా ఆయన కొందరి పేర్లలో ఇంకా ఉన్నాడు. పదో తరగతి సర్టిఫికెట్టు తీసుకునే రోజున గుమాస్తా 'ఏ అంటే ఏమిటి బాబూ' అని అడిగినప్పుడు, పిల్లవాడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెబుతాడు. అది ఆయన రెండో నిజరూప దర్శనం.

ఈ విజ్ఞప్తి రాస్తుండగా మా ఇంట్లోనే బారసాల జరిగింది. మనవడికి అల్లుడుగారు నిర్ణయించిన పేరు శ్రీ అద్వికాన్ష్. పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో రాయమని పెద్దవాడిని కదా అని నన్నే కూర్చోబెట్టారు. 'శ్రీ' బాగానే వచ్చింది. 'ద్వి' దగ్గరే బియ్యం జారడం మొదలయింది, 'న్ష్' దగ్గరికి వచ్చేసరికి కింద వత్తు ఇవ్వడానికి పళ్లెంలో చోటు లేదు. ఇచ్చిన వత్తు కాస్తా గింజలు దొర్లి పూడిపోయింది. పక్కన కూర్చున్న మా అమ్మ, తొంభైకి దగ్గర పడిన మనిషి, కాసేపు దాని వంక చూసి, "ఏటి నాయినా, అదేటి పేరు, నా నోరు తిరగట్లేదు. ఆ గుంటడిని నేనేటని పిలిసేది?" అని అడిగి, ఎవరి జవాబు కోసమూ చూడకుండా అరచేత్తో బియ్యం చదును చేసేసింది. మళ్లీ రాయమంది. నేను మూడు అక్షరాలు రాశాను. బియ్యం ఒక్క గింజ కూడా జారలేదు. అల్లుడుగారి ముఖం కొంచెం మారింది గానీ, జనన ధ్రువపత్రం అప్పటికే ఆయన చేతికి వచ్చేసింది, ఆ బియ్యం ఎలాగూ పురోహితుడి సంచిలోకే పోతాయి, కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.