అటక మీది సాక్షి

“ఈ రోజుల్లో వీసీఆర్ ఎవరింట్లో ఉందండీ?” అని ఎవరు అన్నా, గత ఇరవయ్యేళ్లుగా నేను ఒకే సమాధానం చెబుతూ వచ్చాను: “మా ఇంట్లో ఉంది, శుభ్రంగా పనిచేస్తుంది కూడా.” ఇందులో మొదటి సగం నిజం. రెండో సగాన్ని పరీక్షించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు గనుక, అదీ నిజంగానే చెలామణి అయిపోయింది. వీడియో క్యాసెట్లు ఆడించే ఆ యంత్రం మాత్రం మా రాజమహేంద్రవరం ఇంటి అటక మీద, వాడని ఇత్తడి గంగాళానికీ మా అమ్మాయి చిన్ననాటి మూడు చక్రాల సైకిలుకీ నడుమ, పాత దుప్పటి కప్పుకొని నిద్రపోతూ ఉండేది. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపే రోజున మా ఆవిడ దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామనడం, నేను నిచ్చెన కింద నిలబడి దాని వంశచరిత్ర చెప్పి ఆపడం మా ఇంటి ఆచారం.

ఆ చరిత్ర తక్కువదేమీ కాదు. సోనీ వారి బీటామాక్స్ వీడియో క్యాసెట్టు పద్ధతి 1975లో వస్తే, మరుసటి ఏడాదే జేవీసీ వారు దానికి పోటీగా వీహెచ్‌ఎస్ పద్ధతిని తెచ్చి, కొన్నేళ్లలో బీటామాక్స్‌ను మూలన కూర్చోబెట్టారు. మన దేశంలో 1982 ఏషియాడ్ పుణ్యమా అని రంగుల టీవీ వచ్చింది, దాని వెనకాలే వీసీఆర్ ఇళ్లలోకి నడిచింది. కొనగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కకు వచ్చేవారు గనుక, గోదావరి జిల్లాల పల్లెల్లో టీవీనీ, డెక్కు అని పిలుచుకునే వీసీఆర్‌నూ మూడు క్యాసెట్లతో సహా ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, అరుగు మీద పెట్టి, వీధి వీధంతా చాపలు వేసుకుని చూసేవారు. మూడో సినిమా సగంలో మెలకువగా ఉన్నవాడు డెక్కు అద్దెకిచ్చిన కుర్రవాడు ఒక్కడే. అంతటి వైభవం చూసిన జాతిని తయారుచేసే చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది. “ఇక లోకంలో కొత్తది పుట్టదు, ఉన్నదాన్ని పారేయమంటావా?” అని నేను గద్గదంగా అడిగేవాణ్ణి. “పుట్టనిదాని సంగతి నాకెందుకండీ, ఉన్నది అటక దిగుతుందా లేదా?” అని మా ఆవిడ అనేది.

వంశచరిత్ర అయిపోయాక నా సొంత చరిత్ర ఒకటి కలిపేవాణ్ణి. 1988లో మా పెళ్లయిన కొత్తలో, బ్యాంకులో వేతన సవరణ బకాయిలు ఒక్కసారిగా చేతికి వస్తే, ఆ కష్టార్జితంతో నేను ఈ వీసీఆర్ కొన్నానన్నది ఆ కథ. పిల్లలు ఈ కథ వింటూనే పెరిగారు. కథ మొదలుపెట్టిన ప్రతిసారీ మా ఆవిడకు వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చేది.

నిరుడు ఫాల్గుణంలో మా అమ్మాయి పెళ్లి చేశాం. అలక పాన్పు మీద కూర్చున్న అల్లుడు, పక్కనున్న స్నేహితులు ఎగదోయడం వల్ల కావచ్చు, కారు అన్న మాట సరదాగానే అన్నాడు. నేను సరదాగా తీసుకోలేదు. వియ్యంకుడుగారి సమక్షంలో గొంతు సవరించుకుని, మా కాలంలో పెళ్లిళ్లు ఎంత నిరాడంబరంగా జరిగేవో, నేను అదే పాన్పు మీద కూర్చుని ఒక్క పటికబెల్లం ముక్క తప్ప ఏమీ అడగకుండా ఎలా లేచానో పావుగంట సేపు వివరించాను. వియ్యంకుడుగారు తలూపారు. అల్లుడు చేతి గడియారంతో సరిపెట్టుకున్నాడు. మా ఆవిడ కాఫీలు చూడాలంటూ లోపలికి వెళ్లిపోయింది.

శ్రావణంలో వియ్యాలవారు, అమ్మాయి, అల్లుడు కలిసి నాలుగు రోజులు ఉండేలా వస్తున్నారని కబురు వచ్చింది. కబురుతో పాటు అమ్మాయి ఒక కోరిక కోరింది: “నాన్నా, మీ పెళ్లి వీడియో అత్తయ్యగారు చూస్తారట. మన వీసీఆర్ ఎలాగూ పనిచేస్తుందిగా?” పనిచేస్తుందనే అన్నాను. ఇరవయ్యేళ్ల అలవాటు నాలుకను ఊరికే వదలదు.

దుప్పటి తీసేసరికి క్యాసెట్టు పెట్టే తలుపు సందులో రెండు బల్లి గుడ్లు, తెల్లగా, పుదీనా బిళ్లల్లా కనిపించాయి. వాటిని తప్పించి, గుడ్డతో తుడిచి, ప్లగ్గు పెట్టగానే కాలిన దుమ్ము వాసన వేసి, ముందు భాగంలో ఆకుపచ్చ అంకెలు వెలిగి, గడియారం సున్నాలు చూపిస్తూ మినుకుమనడం మొదలుపెట్టింది. దాని గడియారం 1988 నుంచీ అలాగే మినుకుమంటోంది గనుక నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఆనందం వైరు తగిలించబోయేదాకా నిలిచింది. వీసీఆర్‌కు పసుపు, తెలుపు, ఎరుపు తలల వైర్లు ఉంటాయి. గోడకు బిగించిన మా కొత్త టీవీకి అలాంటి కన్నాలే లేవు. దుకాణంలో అడిగితే అగ్గిపెట్టెకు పెద్దన్నలాంటి ఒక డబ్బా ఇచ్చి, పాతదాన్నీ కొత్తదాన్నీ ఇదే కలుపుతుందన్నారు. అది కలిపింది కూడా. తెర మీద నీలి రంగు వచ్చింది. అంతలో వీసీఆర్ ముందు భాగంలో ‘డ్యూ’ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు వెలిగి, ఏ మీట నొక్కినా అది పలకడం మానేసింది. నేను దాన్ని ‘బాకీ’ అని అర్థం చేసుకుని, ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియక కాసేపు కలవరపడ్డాను. తీరా చూస్తే అది బాకీ కాదు, మంచు. ముసురు పట్టిన రోజుల్లో లోపలి డ్రమ్ము మీద చెమ్మ చేరితే టేపు దానికి అతుక్కుపోకుండా యంత్రం తనంతట తానే తాళం వేసుకుంటుందట. పక్కన బల్బు వేసి పెడితే మూడు గంటలకు కోపం తగ్గింది. అప్పుడు క్యాసెట్టు పెట్టాను. ఘుర్రుమని లోపలికి లాక్కుని, టక్కుమని బయటికి ఉమ్మేసింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లు ఉమ్మేసింది.

కోటిపల్లి బస్టాండు వైపు ఒక సందులో, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్న ఒక పెద్దాయన ఒకప్పుడు వీడియో మెకానిక్ అని ఎవరో చెబితే, బాలింతరాలిని తీసుకువెళ్లినట్టు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకువెళ్లాను. ఆయన మూత విప్పి, లోపలికి చూసి, చాలాకాలం తర్వాత చిన్ననాటి స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు. నాకూ చూపించాడు. అరవై రెండు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఆ వెండిరంగు డ్రమ్ము కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరుగుతుంది. క్యాసెట్టులోంచి రెండు కడ్డీలు అర అంగుళం వెడల్పు టేపును బయటికి లాగి దానికి చుడతాయి. టేపు మాత్రం సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. డ్రమ్ము అంత తొందరపడుతుంటే టేపు అంత నిదానంగా నడవడం, మా ఇంట్లో సినిమాకు బయలుదేరినట్టే ఉందనిపించింది.

ఆయన డ్రమ్మును దూదితో తుడవనివ్వలేదు. దూది పోగు, డ్రమ్ము అంచున ఉండి టేపు మీది బొమ్మను చదివే హెడ్డుకు తగులుకుంటే అది విరిగిపోతుందట. స్పిరిట్‌లో ముంచిన తెల్ల కాగితాన్ని కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాడు. కాగితం మీద నల్లటి చార పడింది. తర్వాత పెళ్లి క్యాసెట్టును వెలుతురుకు పట్టి, చిన్న కిటికీలోంచి కనిపిస్తున్న తెల్లని బూజును చూపించి, అడుగున ఉన్న ఐదు మరలూ విప్పి దానికీ వైద్యం చేశాడు. “రోజుకొకరైనా వస్తారు సార్, పెళ్లివో ఓణీలవో పట్టుకుని. అందరి దగ్గరా క్యాసెట్లున్నాయి, ఆడించేది లేదు. మీది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేయనా?” అని అడిగాడు. ఇంట్లో యంత్రం పెట్టుకుని పెన్‌డ్రైవ్ ఏమిటని నేను తోసిపుచ్చాను. నా జీవితంలో నేను తోసిపుచ్చిన మంచి సలహాల్లో అది మొదటి వరుసలో ఉంటుంది.

బెల్టు కొత్తది దొరికింది గానీ, రీళ్లను తిప్పే చిన్న చక్రం రబ్బరు అరిగిపోయింది, దానికి మారు దొరకలేదు. “ప్లే అవుతుంది సార్. ఫార్వర్డు, రివైండు మీద ఆశ పెట్టుకోకండి. ఇంకొకటి, మధ్యలో ఆపకండి. ఆపితే బయటికి లాగిన టేపును లోపలికి చుట్టే బలం దీనికి లేదు, టేపు తలుపు సందులో పడి నలిగిపోతుంది. పెట్టారంటే చివరిదాకా చూడాల్సిందే” అని హెచ్చరించాడు.

వరలక్ష్మీ వ్రతం మర్నాటి సాయంత్రం అందరూ హాల్లో చేరారు. నేను లేచి, మధ్యలో ఆపకూడదన్న నియమాన్ని కారణంతో సహా వివరించి, ఎవరూ, పిల్లలు గానీ పెద్దలు గానీ, యంత్రం దరిదాపులకు రాకూడదని కఠినంగా ఆజ్ఞాపించి, ప్లే నొక్కాను. కాసేపు గీతలు పోయి, గిరగిరా తిరుగుతూ ఒక గుడి గోపురం వచ్చింది. దాని వెనక తామరపువ్వు విచ్చుకుంది. అందులోంచి మా ఆవిడ పైకి వచ్చింది. ఆ రోజుల్లో మిక్సింగు చేసేవారికి పెళ్లికూతురిని పువ్వులోంచి తీయకపోతే డబ్బులు తీసుకోవడానికి మనసొప్పేది కాదు. పాత బొమ్మ కొత్త టీవీ వెడల్పుకు సాగడం వల్ల పెళ్లికి వచ్చినవారందరూ అడ్డంగా బలిసి కనిపించారు. ఎప్పుడూ పుల్లలా ఉండేవాడని పేరుపడ్డ మా మేనమామ ఆనాడే జమీందారులా ఉన్నాడు. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అన్నీ సినిమా పాటల మధ్య జరిగిపోయాయి. వియ్యపురాలుగారు మా ఆవిడ జడకుచ్చులను మెచ్చుకున్నారు. యంత్రాన్ని కాపాడినందుకు వియ్యంకుడుగారు నన్ను మెచ్చుకున్నారు.

అంతలో పాట ఆగిపోయింది. మిక్సింగు కుర్రవాడు ఆ ఒక్క చోట పాట వేయడం మరిచిపోయాడు. కెమెరాకు వినిపించిందంతా వినిపిస్తోంది. తెర మీద పట్టె మంచం, మల్లెపూలు, గోడవైపు ముఖం తిప్పుకుని కూర్చున్న ఇరవయ్యారేళ్ల నేను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, ఈ ఘట్టం దగ్గర ప్రతిసారీ నేను ఎందుకు ఫార్వర్డు నొక్కేవాణ్ణో. ఇప్పుడు నొక్కాను. యంత్రం లోపల చక్రం కియ్యిమని మూలిగిందే తప్ప బొమ్మ ఒక్క అడుగు ముందుకు జరగలేదు. ఆపేద్దామని రెండో మీట మీదికి వేలు పోనిస్తుండగా, “ఆపకండి, టేపు నలిగిపోతుంది” అని మా ఆవిడ నా నియమాన్ని నాకే, నా గొంతుతోనే అప్పజెప్పింది.

“మావాడికి వీడియో డెక్కు కావాలిటండీ” అన్నాడు తెర మీద మేనమామ. కెమెరా మా మామగారి మీదికి తిరిగింది. ఆయన కళ్లద్దాలు తీసి, ఉత్తరీయం అంచుతో ఒక్కొక్క అద్దాన్నీ చాలాసేపు తుడిచి, మళ్లీ పెట్టుకుని, “అలాగే, కువైట్లో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు, తెప్పిస్తాను. ఇంతకూ ఇంట్లో టీవీ ఉందా బాబూ?” అని అడిగారు. గోడవైపు నుంచి నా గొంతు స్పష్టంగా, అణుమాత్రం బూజు లేకుండా వినిపించింది: “లేదండీ. అది సంక్రాంతికి.”

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అల్లుడు తన చేతి గడియారంలో టైము చూసుకున్నాడు. అంతకుముందు గంటసేపు చూడనివాడు అప్పుడే చూసుకోవాలా? అమ్మాయి మాత్రం నెమ్మదిగా, “వేతన సవరణ బకాయిలు ఏమయ్యాయి నాన్నా?” అంది. వియ్యంకుడుగారు గౌరవం తెలిసిన మనిషి, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా, “పటికబెల్లం ఎక్కడొస్తుంది బావగారూ, ఇంకా ముందుందా?” అని అడిగారు. క్యాసెట్టులో ఇంకా గంటన్నర ఉంది. గంటన్నరా చూశాం.

వారిని రైలెక్కించి వచ్చిన మర్నాడు వీధిలో “పాత ఇనప సామాన్లు, పాత టీవీలు కొంటాం” అని మైకు వినిపిస్తే, ఇరవయ్యేళ్లలో మొదటిసారి నేనే చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మంలోకి పరుగెత్తి ఆ బండివాణ్ణి ఆపాను. వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ వీసీఆర్‌ను టీవీ కింది అరలో పెట్టి, తను పెళ్లికి ముందు అల్లిన క్రోషే గుడ్డ దాని మీద కప్పుతోంది. బండివాణ్ణి పంపేయమని చేత్తోనే సైగ చేసి, మోగుతున్న ఫోను తీసి స్పీకరులో పెట్టింది. వియ్యపురాలుగారు. “వదినగారూ, ఆ యంత్రం కాస్త జాగ్రత్తగా ఉంచండి. మా పెళ్లిది కూడా ఒక క్యాసెట్టు ఉండాలి. మీ అన్నయ్యగారు చెదలు పట్టిందన్నారు గానీ, నిన్న ఆయన బీరువాలో బట్టల అడుగున దొరికింది.”